గుడ్డు ఒలిచిన చేయి

మలేషియాలోని పెనాంగ్‌లో పాతకాలపు చీనా కాఫీ హోటల్లో పొద్దున టిఫినుకు కూర్చున్నాం, అన్న, నేను. హోటలు ముసలాయన సగం ఉడికిన గుడ్లు రెండు ముందుగా నా దగ్గర పెట్టాడు. మా ఊరు కురుగోడులోని వంటింటి వాసన గుప్పుమంది.

మన ఈడు ఆడపిల్లలూ, మీ ఇంట్లోనూ ఇంతేనా? కోళ్లగంప కింద గుడ్లు ఏరేది నేను, తినేది అన్న.

"ఆడపిల్ల గుడ్డు తింటే తొందరగా పెద్దమనిషైతాది. వాని చేయి కాలుతాది, నువ్వే ఒలిచియ్యి," అనేది అవ్వ.

ఒకసారి పెంకుకు అంటుకున్న తెల్లసొన నాకాను. అవ్వ అట్లకాడ కాల్చి ముంజేతి మీద వాత పెట్టింది. అన్న నములుతూ చూశాడు.

ఈరోజుకూ ఆ మచ్చ కనబడుతూనే ఉంది. అయినా నా చేతులే రెండు గుడ్లూ సాసర్లోకి కొట్టి, మిరియాలపొడి చల్లి, అన్న ముందుకు జరిపేశాయి.

అన్న రెండూ తిని మూతి తుడుచుకున్నాడు.

"ఉప్పు తక్కువైంది మే."