పట్టు చిక్కని పిడి

హోసూరులో బాగలూరు రోడ్డు మీద శ్రీరంగయ్యది పాత్రల అంగడి. వాళ్ళ నాయన కాలంలో ఇత్తడి బిందెలు, రాగి చెంబులు అమ్మిన అంగడే. శ్రీరంగయ్య చేతికొచ్చేసరికి స్టీలు సామాన్లతో, కుక్కర్లతో, మిక్సీ జార్లతో కప్పు దాకా నిండిపోయింది. అమ్మకంలో ఆయనకొక పట్టింపు ఉండేది. ఏ కొత్త సామాను వచ్చినా ముందు ఒకటి ఇంటికి తీసుకుపోయి వంటింటి గట్టు మీద పెట్టేవాడు. భార్య కస్తూరి దాన్ని కొన్నాళ్ళు వాడి, బాగుందనాలి. ఆ తర్వాతే అది అంగడిలో ముందు వరుసకు వచ్చేది.

"మా ఇంట్లో వాడి చూసినామమ్మా, ధైర్యంగా తీసుకుపో" అనేవాడు కొనేవాళ్ళతో. ఆ మాట నమ్మి శూలగిరి నుంచీ, బేరిగై నుంచీ కూడా పెళ్ళి సామాన్లకు ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు.

పోయిన ఏడాది వానలు పడే రోజుల్లో సాయిప్రియ అనే అమ్మాయి అంగడికొచ్చింది. ఒంగోలు నుంచి వచ్చి ఇక్కడ ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తోంది.

"అంకుల్, చీజ్ స్లైసర్ ఉందా?"

"తురుముకునేదైతే ఉండాదమ్మా."

"తురిమేది కాదండీ, పల్చగా బిళ్ళలు కోసేది. పొద్దున్నే డ్యూటీకి పోతూ మా పాపకి శాండ్‌విచ్ చేసిపెడతాను. చాకుతో కోస్తే చీజంతా చాకుకే అంటుకుంటోంది. ఒక పక్క మందం, ఒక పక్క పల్చన. ఆన్‌లైన్లో ఒకటి తెప్పిస్తే వారం తిరక్కుండానే తీగ తెగింది. మంచిదేదో మీరే చూసి చెప్పండి."

"మీరే చూసి చెప్పండి" అంటే శ్రీరంగయ్యకు ఎక్కడ లేని హుషారు వచ్చేది. బెంగుళూరు చిక్కపేటలో తనకు సరుకిచ్చే ఆసామికి ఫోన్ చేసి మూడు రకాలు తెప్పించినాడు. ఒకటి చిన్న తాపీలాగా ఉండి మధ్యలో పదునైన చీలిక ఉన్నది. దాన్ని చీజ్ మీద ఒత్తి పట్టి మన వైపుకు లాగాలి. రెండోది పిడికి సన్నటి తీగ బిగించినది. మూడోది పలక, దాని మీద తీగ కట్టిన చేయి, కిందికి నొక్కితే తెగుతుంది.

ఆదివారం మధ్యాహ్నం మూడింటినీ, ఒక చీజ్ దిమ్మనూ తీసుకుని ఇంటికి పోయినాడు.

"ఇవి ఎట్ల వాడేదో నాకేం తెలుసు? మీరే చూపించండి" అనింది కస్తూరి.

ఎప్పుడూ సామాను పెట్టేసి హాల్లోకి పోయే మనిషి ఆ రోజు వంటింట్లో నిలబడినాడు. తాపీలాంటిదాన్ని ఆమె చేతికిచ్చి "ఒత్తి, లాగు" అన్నాడు. ఆమె ఒత్తబోయింది. పిడి సన్నంగా ఉంది. వేళ్ళు దాని చుట్టూ మూసుకోలేదు. ఇంకో చేత్తో ఆ చేతిని పట్టుకుని మళ్ళీ ఒత్తింది. స్లైసరు జారి ఠంగుమని కింద పడింది.

"మెల్లగా పట్టుకోవచ్చు గదా" అంటూ ఆయన వంగి తీసి, లేచేటప్పుడు ఆమె చేతులు చూసినాడు. వేళ్ళ మొదళ్ళు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. చిటికెన వేలూ, దాని పక్క వేలూ ఒక పక్కకు వాలిపోయి ఉన్నాయి. ఆ చేతులతోనే ఆమె రోజూ కంచంలో అన్నం పెడుతోంది. ఆయన చూడలేదు.

"ఏమైంది కస్తూరీ చేతికి?"

"ఏముంది, బిగుసుకుంటాయి. పొద్దున పూట మరీ ఎక్కువ. పిడికిలి మూసుకోదు."

"ఎప్పట్నుంచి? నాకు ఒక మాట చెప్పొద్దా?"

కస్తూరి కోపం లేకుండానే చెప్పింది. "కుక్కరు మూత తిప్పలేకపోతున్నానని చెప్పినాను గదా. మీరు వేరే కుక్కరు తెచ్చినారు. కత్తిపీటతో తరగలేనంటే, గుండ్రంగా తిప్పేది ఒకటి తెచ్చినారు. దాన్నీ తిప్పలేకపోయినాను. మళ్ళీ ఏం చెప్పేది? బాగుందంటే మీరు సంతోషంగా పోయేవాళ్ళు."

శ్రీరంగయ్య చేతిలోని స్లైసరును గట్టు మీద పెట్టినాడు. కుక్కరు మూత సంగతి ఆయనకు బాగా గుర్తుంది. ఆ కంపెనీ సరుకే మంచిది కాదని అంగడిలో నలుగురికీ చెప్పినాడు. ఇంకొకటి కూడా గుర్తుకొచ్చింది. కస్తూరి మల్లెలు కడితే వీధిలో ఆడవాళ్ళు వచ్చి చూసి పోయేవాళ్ళు, అంత ఒత్తుగా కట్టేది. ఎప్పుడో కట్టడం మానేసింది. ఆమెకు కష్టమెందుకని ఆయన సాయంత్రాలు బస్టాండు దగ్గర కట్టిన పూలు కొనిపోయేవాడు. తానేదో భార్యను అపురూపంగా చూసుకుంటున్నానని అనుకునేవాడు కూడా.

కృష్ణగిరిలో ఉన్న కూతురు తేజస్విని అక్కడొక కీళ్ళ డాక్టరును వెతికి పెట్టింది. డాక్టరమ్మ కస్తూరి వేళ్ళు ఒక్కొక్కటే ఒత్తి చూసి, రక్తపరీక్ష కాగితాలు చూసి, అరవంలో నిదానంగా చెప్పింది. ఇది కీళ్ళవాతం. మందులతో వాపు తగ్గుతుంది, ఇంకా ముదరకుండా ఆగుతుంది. వంగిన వేళ్ళు మాత్రం మళ్ళీ తిన్నగా కావు. మొదట్లోనే తీసుకొచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

"మొదట్లో అంటే ఎప్పుడు మేడం?" అని అడిగినాడు శ్రీరంగయ్య.

"ఈమె నొప్పి అని చెప్పినప్పుడు" అనింది ఆమె, వేరే ఏమీ అనుకోకుండా.

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు శూలగిరి దాటింది. కస్తూరి సంచిలోంచి జామకాయ ముక్కలు తీసి ఇచ్చింది. కూతురు కోసిచ్చినవి. "తినండి, పొద్దుట్నుంచి ఏమీ తినలేదు" అనింది. తీసుకుని చేతిలో పెట్టుకున్నాడే గానీ తినలేకపోయినాడు. ఆమె తిట్టి ఉంటే కొంత మేలుగా ఉండేదేమో అనిపించింది.

సాయిప్రియ మళ్ళీ వచ్చేసరికి పదిహేను రోజులు దాటింది. ఆయన ఆ మూడు రకాలూ బల్ల మీద పెట్టి, నేర్చుకున్నదంతా చెప్పినాడు.

"ఈ తాపీ రకం గట్టి చీజుకు బాగుంటాదమ్మా. నువ్వు కొనే మెత్తటి దిమ్మకు తీగదే సరి. తీగ తెగితే మార్చుకునే మర ఉండాదా లేదా అని చూసుకోవాల. ఇందులో ఉండాది. అన్నిటికంటే ముందు, పిడి లావుగా ఉండాల. పట్టుకుని చూడు. వేళ్ళు నొప్పి లేకుండా మూసుకుంటున్నాయా?"

ఆ అమ్మాయి నవ్వింది. "నాకేం నొప్పులు అంకుల్! బాగుంది. ఆంటీ వాడి చూశారు కదా?"

శ్రీరంగయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆ ప్రశ్నకు జవాబు తడుముకోకుండా చెప్పిన మనిషి.

"లేదమ్మా" అన్నాడు. "ఆమెకు చేతులు బాగలేవు. నేనే కోసి చూసినాను."

సాయిప్రియ ఆయన ముఖం వైపు చూసింది. స్లైసరు సంచిలో వేసుకుని, "ఆంటీని అడిగానని చెప్పండి" అని వెళ్ళిపోయింది.

ఇప్పుడు శ్రీరంగయ్య పొద్దున అంగడి ఆలస్యంగా తెరుస్తున్నాడు. కూరగాయలు తరిగేది ఆయనే. బీన్సు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. కస్తూరి స్టూలు మీద కూర్చుని "ఇంకా సన్నంగా" అంటుంది. మందులకు వాపు తగ్గింది. కాఫీ లోటా ఒక చేత్తో ఎత్తుకోగలుగుతోంది. వేళ్ళు మాత్రం డాక్టరమ్మ చెప్పినట్టే ఉండిపోయినాయి.

మార్గశిరం చలికి అవి మరీ బిగుసుకుంటున్నాయని, ఆయన తెల్లారకముందే లేచి నీళ్ళు కాచి తొట్టిలో పోసి ఆమె ముందు పెడతాడు. ఆమె చేతులు ముంచుతుంది. ఆయన కూడా తన చేతులు పెట్టి, నీళ్ళలోనే ఒక్కొక్క వేలినీ పట్టుకుని మెల్లగా సాగదీస్తాడు. ఎక్కడ నొప్పి అని ఆమెను అడగడు. ఆమె కనుబొమలు ముడిపడిన చోట ఆగుతాడు.

"ఇంక చాలు, నీళ్ళు చల్లారినాయి" అంటుంది కస్తూరి.

ఆయన లేచి ఇంకో చెంబు వేడినీళ్ళు తెస్తాడు.