నాయన గొంతు, కొత్త వెర్షన్

లాప్‌టాప్‌లో కొత్త లినక్స్ వేసిన రోజు నేను తెగ మురిసిపోయాను. పాత వెర్షన్‌కు అప్‌డేట్లు ఆగిపోయాయి, లాప్‌టాప్ తెరుచుకోవడానికే ఆపసోపాలు పడేది. ఇదేమో ఇట్టే తెరుచుకుంది. వైఫై అడక్కుండానే దొరికింది. ఒత్తులూ గుణింతాలూ చెదరకుండా తెలుగు ముచ్చటగా కనిపించింది. అవన్నీ ఒక ఎత్తు, గొంతు ఒక్కటీ ఒక ఎత్తు. మనం టైపు చేసింది పైకి చదివి వినిపించడానికి ఈసారి కొత్త తెలుగు గొంతు ఇచ్చారు. టీవీలో వార్తలు చదివే అమ్మాయి గొంతులా తియ్యగా ఉంది.

ఆ లాప్‌టాప్ మా నాయనది. ముత్తుకూరు అవతల మా రేవులో ఆయన చేపల వేలం పాడేవాడు. ఇసుకలో నిలబడి రేటు అరిస్తే, ఇంకా ఒడ్డుకు చేరని పడవల్లో వాళ్లకు కూడా వినపడేది. క్యాన్సరొచ్చి చెన్నైలో స్వరపేటిక తీసేశాక, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేస్తే మెషీన్ మాట్లాడేది. ఆ పాత గొంతు మరీ కర్కశం. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టుండేది. దాంతోనే పులుసులో ఉప్పు లేదని అమ్మను తిట్టేవాడు, చూడ్డానికొచ్చిన వాళ్లను ఎగతాళి చేసేవాడు. ఆయన తిడుతుంటే అమ్మకు నవ్వాగేది కాదు.

కొత్త గొంతు వినగానే అమ్మ, మీ నాయన లోపల ఎవరో పట్నం పిల్ల దూరిందని ఆటపట్టించింది. ఆయన నవ్వలేదు. ఒక్క మాట టైపు చేసి, విని, మూత వేసేశాడు.

అలవాటవుతుందిలే అనుకున్నాను. రోజులు గడిచినా మూత తియ్యలేదు. నీళ్లు కావాలంటే చెంబు చూపించేవాడు, అన్నం చాలంటే చెయ్యి అడ్డం పెట్టేవాడు. పెన్నిస్తే పక్కన పడేశాడు. తిండి తగ్గిపోయింది. గోడవైపు తిరిగి పడుకునేవాడు. నొప్పిగా ఉందా అంటే లేదని తలాడించేవాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత కష్టపడి అన్నీ సర్ది పెడితే ఈ అలకేంటని అరిచాను కూడా.

చివరికి విసుగొచ్చి, సెట్టింగుల్లో ఎక్కడో అడుగున ఉన్న పాత గొంతును పట్టుకుని, మళ్లీ పెట్టి, లాప్‌టాప్ ఆయన ఒళ్లో పడేశాను. చాలాసేపు టైపు చేశాడు. డబ్బాలో గులకరాళ్లు కదిలాయి.

“నొప్పి తట్టుకోలేకుండా ఉండా పాపా. మెడ కింద మళ్లీ గడ్డ లేసినాది.”

అమ్మ వంటింట్లోంచి తడిచేతులతోనే వచ్చి నిలబడింది. ఆయన ఎప్పుడూ మెడకు చుట్టుకునే తువ్వాలు జరిపి తాకి చూశాను. గట్టిగా, వేడిగా తగిలింది. ఏడుపు ఆగలేదు నాకు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు నాయనా అని అడిగాను. ఆయన మళ్లీ అక్షరాలు వెతుక్కున్నాడు.

“ఆ పిల్ల గొంతుతో ఏడవమంటావా?”