జయరాజు బాగుందన్న బండి

ఒకే పూట, ఒకే ట్రక్కుతో, ఒకే కారును మూడుసార్లు గుద్దిన చరిత్ర బళ్లారి కౌల్‌బజారులో మా ఇంటికి తప్ప ఇంకెవరికీ లేదు. మొదటి రెండు గుద్దులూ నావి. మూడోది కారు ఓనరే స్వయంగా గుద్దుకున్నాడు. అదెలాగని కంగారు పడకండి, చెబుతాను. పడాల్సిన కంగారంతా ఆ రోజు మేమే పడ్డాం, మీకేమీ మిగల్చలేదు.

గనుల జోరు మీదున్న కాలం అది. ఎర్రమన్ను బంగారమైపోయింది. నిన్నటిదాకా సైకిలుకు గాలి కొట్టించడానికి కూడా ఆలోచించినవాడు తెల్లారేసరికి ఇంటి ముందు ఏసీ కారు నిలిపేవాడు. నేను మాత్రం మిషన్ స్కూల్లో సైన్సు పాఠాలు చెప్పుకుంటూ, ఒక పక్కకు వంచితే తప్ప స్టార్టు కాని స్కూటరు మీద కాలం గడిపేవాణ్ని. ఊరంతా కార్లు కొన్నా నాకు బాధ లేదు. నా బాధంతా ఒక్క కారు గురించే. అది మా తోడల్లుడు జయరాజుది.

జయరాజు నా భార్య కమలకు చెల్లెలి మొగుడు. పెళ్లయిన కొత్తలో నా ఇస్త్రీ చొక్కా అడిగి వేసుకుని ఉద్యోగాల కోసం తిరిగిన మనిషి. తర్వాత దోణిమలై వైపు ఖనిజం తోలే లారీల వ్యాపారంలో చేయి పెట్టాడు. పెట్టిన చేతికి ఎర్రదుమ్ముతో పాటు అదృష్టమూ అంటుకుంది. ఒక ఆదివారం చర్చిలో ఆరాధనకు తెల్లటి కొత్త కారులో వచ్చి దిగాడు. అది కారు కాదు, పెళ్లికొడుకు. ఆ రోజు సంఘమంతా కీర్తన పాడుతుంటే నాకు ప్రతి చరణమూ హారన్ మోతలాగే వినబడింది.

పోనీ, మనిషి చెడ్డవాడైతే తిట్టుకుంటూ హాయిగా బతికేవాణ్ని. వాడు మంచివాడు! కుళ్లుకునేవాడికి అంతకు మించిన శిక్ష లేదు.

"అన్నా, ఇంత ఎండలో స్కూటర్ మీద యాడ పోతావు? ఎక్కు, దింపి పోతా" అనేవాడు. ఎక్కితే లోపల చల్లగా ఉండేది. ఆ చల్లదనానికి నా ఒళ్లంతా మండేది.

సిరుగుప్పలో మా అత్తగారింట్లో ఇంకో నరకం. కోడికూర వండిన రోజు తొడ ముక్క ఎవరి పళ్లెంలో పడుతుందో చూస్తే చాలు, ఆ ఇంట్లో అల్లుళ్ల హోదా తెలిసిపోయేది. ఏళ్ల తరబడి ఆ తొడ నాదే. పెద్దల్లుణ్ని, పైగా మేష్టర్ని. కారు వచ్చిన నాటి నుంచి అది జయరాజు పళ్లెంలోకి వలస పోయింది. నాకు మెడ దక్కింది.

"అత్తా, ఈ మెడలో ఏముండాది నమలనీకి?" అన్నాను ఉండబట్టలేక.

"ఏందప్పా అట్లంటావు? మెడలోనే రుచంతా ఉండేది. నిదానంగా చీక్కుంటా కూచో. నీకేం తొందర, జయరాజుకైతే లారీలు కాచుకోనుంటాయి" అందావిడ.

పొరుగింటి పుల్లకూర రుచి అన్నవాడికి తోడల్లుడు ఉండి ఉండడు. ఉండి ఉంటే కూర సంగతి వదిలేసి కోడి సంగతి చెప్పేవాడు.

కొత్త కారు కొనే తాహతు నాకు లేదు. అప్పుడే బుర్రలో పురుగు తొలిచింది. కొత్త బండి డబ్బున్న ప్రతివాడూ కొంటాడు. ఊళ్లో ఎవరికీ లేని పాత బండి కదా గొప్ప! యశ్వంతనగర్ దగ్గర ఒక పాత ఇనుము దొడ్లో నాకు కావలసినది కనబడింది. సైన్యం వాడి వదిలేసిన ట్రక్కు. రోడ్డుతో పని లేకుండా కొండలూ వాగులూ ఎక్కి దిగే జాతి. కొన్నాళ్లు గని పనివాళ్లను కొండ మీదికి మోసి, చివరికి కోళ్లకు విడిదిగా స్థిరపడింది. ముందు దీపాలు ఊడి, ఒళ్లంతా ఎర్రదుమ్ము అట్టలు కట్టి, గుడ్డి ఏనుగులా కూర్చుని ఉంది. దాన్ని చూడగానే నాకు కలిగింది ప్రేమో పంతమో ఇప్పటికీ తెలీదు. లారీ మీద ఇంటికి చేర్పించాను.

"ఇదేంది?" అంది కమల గడప మీద నిలబడి.

"బండి."

"చక్రాలేవి?"

"ఉండాయి. వేరేగా వస్తాండాయి."

"మీరు బల్బు మారిస్తేనే ఇంట్లో ఫ్యూజు పోతాది. ఇంత పెద్దదాన్ని బాగు చేసేదెవరు?"

"నువ్వు సుమ్మనుండు. నేను సైన్సు మేష్టర్ని."

చేసేవాళ్లు నిజంగానే లేరు. ఊళ్లో స్పానరు పట్టడం తెలిసిన ప్రతి మెకానిక్కూ లారీల వెంట కొండలెక్కేశాడు. అందుకని మా ఇంటి వెనక కట్టెలు దాచుకునే రేకుల షెడ్డే కార్ఖానా అయింది. బడి వదలగానే లుంగీ కట్టి అందులో దూరేవాణ్ని. తుప్పు గీకేవాణ్ని. గీకిన చోట సైన్యం నాటి ఆకుపచ్చ రంగు బయటపడితే, పరీక్షలో మొద్దు పిల్లవాడు పాసైనంత సంతోషం కలిగేది. ఇంజను తొలిసారి దగ్గినప్పుడు వదిలిన పొగకు పక్కింటివాళ్లు ఆరేసుకున్న తెల్ల పంచెలు నల్లబడ్డాయి. వాళ్ల తిట్లు నాకు చప్పట్లలా వినిపించాయి.

ఇక అసలు ఘట్టం. ట్రక్కు వెనక చక్రాల మధ్య, ఇరుసులో, గుమ్మడికాయంత ఇనుప ముద్ద ఒకటి ఉంటుంది. దాన్ని క్రౌన్ అంటారు. ఇంజను తిప్పే తిప్పుడును చక్రాలకు అందించేది అదే. దాన్ని విప్పి, కడిగి, పళ్లన్నీ తుడిచి, మళ్లీ బిగించాను. సరిగ్గానే బిగించాను. ఈ మాట గుర్తుంచుకోండి, నా తరఫున చెప్పుకోవడానికి ఉన్నది ఇదొక్కటే.

మర్నాడు జయరాజు వచ్చాడు. తెల్ల చొక్కా అని కూడా చూసుకోకుండా బండి కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాడు.

"అన్నా, క్రౌన్ నువ్వే ఎక్కించినావా?"

"మా తాత వచ్చి ఎక్కించి పోయినాడు."

"సక్కత్తుగా ఎక్కించినావప్పా! కరెక్టుగా ఉండాది. ఇంక దీన్ని ముట్టద్దు."

టీ తాగి వెళ్లిపోయాడు. నేను మాత్రం షెడ్డులో కట్టెల మీద కూర్చుండిపోయాను. ముట్టద్దని ఎందుకన్నాడు? నా బండి తయారైతే వాడి కారును చూసేదెవరు? అది వాడికి తెలీదా? అంటే, ఇది తప్పుగా బిగించి ఉంది. తప్పని వాడు కనిపెట్టాడు. కనిపెట్టి, పదిమందిలో నా పరువు పోవాలని, బాగుందని పొగిడి పోయాడు! నాలో ఉన్న కుళ్లునంతా తీసి వాడి గుండెలో పెట్టి, అక్కడ దాన్ని చూసి నేనే ఉలిక్కిపడ్డాను. లెక్క ఎంత చక్కగా కుదిరిందంటే, నా తెలివికి నాకే ముచ్చటేసింది.

స్పానర్లు తీశాను. కమల వచ్చి చూసింది.

"జయరాజు బాగుందన్నాడు కదా, మళ్లీ యాల విప్పుతాండారు?"

"అందుకే విప్పుతాండా."

క్రౌన్‌ను బయటికి లాగి, పైది కిందికి, కిందిది పైకి తిప్పి బిగించాను. తలకిందులుగా పెట్టినా బోల్టులన్నీ బుద్ధిగా తమ తమ రంధ్రాల్లోకి దూరిపోయాయి. దాని దుర్మార్గమంతా అక్కడే ఉంది! ఇరుసు కింద రాళ్లు పెట్టి, చక్రాలు గాల్లో ఉంచి, ఇంజను వేసి చూశాను. చక్రాలు గిర్రున తిరిగాయి. ఆహా అనుకున్నాను. ఎటు తిరుగుతున్నాయని చూడాలన్న ఊహ మాత్రం, పిల్లలకు చలనం గురించి పాఠం చెప్పే ఈ పెద్దమనిషికి రాలేదు.

బండికి ప్రతిష్ఠ ప్రార్థన పెట్టించాను. మా చర్చి పాస్టరు అయ్యగారు వచ్చారు. సిరుగుప్ప నుంచి అత్తగారు దిగింది. సంఘంలో సగం మంది మా వీధిలోనే ఉన్నారు. ట్రక్కును అప్పటికే తోయించి వీధిలో నిలిపాను. ఆకుపచ్చగా మెరుస్తూ, బంతిపూల దండ వేసుకుని, సన్మానానికి వచ్చిన రిటైర్డు మేజరులా ఉంది. జయరాజు కారును దాని పక్కన ఆపాడు. ఆ తెలుపు పక్కన నా ఆకుపచ్చ కొంచెం వెలవెలబోయినట్టు అనిపించింది.

"జయరాజూ, నీ కారు ఫోటోలో పడతాది. ట్రక్కు వెనక్కి పెట్టుకోప్పా."

"అట్లనే అన్నా." మారుమాట లేకుండా తీసి సరిగ్గా నా వెనకే పెట్టాడు. వాడి మంచితనం ఎప్పుడూ ఇలాగే నా కొంప ముంచుతుంది.

అత్తగారు రిబ్బను కత్తిరించి, పండగ చీర సర్దుకుని నా పక్క సీటులో కూర్చుంది. అయ్యగారు బానెట్ మీద చేయి పెట్టి కళ్లు మూశారు.

"ప్రభువా, ఈ బండిని నడిపే నీ బిడ్డను ఎల్లప్పుడూ ముందుకే నడిపించు. వాణ్ని వెనక్కి చూడనియ్యకు."

"ఆమెన్" అన్నాను అందరికన్నా గట్టిగా. అని, వెనక్కి చూడకుండా మొదటి గేరు వేసి, ఊరంతా వినేలా యాక్సిలేటర్ తొక్కాను.

ధడేల్!

బండి వెనక్కి దూకింది. జయరాజు కారు పసిబిడ్డలా కెవ్వుమని అలారం పెట్టింది.

"రివర్సు పడినట్టుంది" అన్నాను అత్తగారితో, చెమట తుడుచుకుంటూ. ఈసారి పొరపాటు జరగకూడదని జాగ్రత్తగా రెండో గేరు వేశాను. బరువు బండి కదా అని ఇంకాస్త గట్టిగా తొక్కాను.

ధడధడేల్! కారు బానెట్ మొసలి నోరులా తెరుచుకుంది. అలారం కూడా ఆగిపోయింది. మా అత్తగారి గొంతు లేచింది.

"ఒగసారి గుద్దితే పొరపాటంటారప్పా. రెండోసారి గుద్దినావంటే, అది కడుపుమంట!"

నేను నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ క్షణం నవ్వులాటది కాదు. కమల తల దించేసుకుంది. తన చెల్లెలు, జయరాజు భార్య విమల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. 'కావాలని చేయలేదు' అని నేను గట్టిగా అరవాలి. కావాలని చేయలేదు కూడా. కానీ కావాలని చేయాలనిపించిన రోజులు ఎన్ని లేవు? అందుకే స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాను.

అప్పుడు జయరాజు ముందుకొచ్చాడు. "ఏందత్తా ఆ మాటలు? అన్న అట్లాంటోడు కాదు. గేర్ల పెట్టెలో ఏదో తేడా వచ్చినట్టుంది. దిగన్నా, నేను చూస్తా."

నేను దిగాను. అత్తగారు అంతకన్నా ముందే దిగింది. జయరాజు ఎక్కి, గేరు కడ్డీని అటూ ఇటూ ఆడించి, అందరికీ చూపిస్తూ ముందు వైపుకు చేయి చాపి, "ఇదో, ఇది మొదటి గేరు. ఇప్పుడు ముందుకు పోతాది చూడండి" అన్నాడు.

ధడేల్!

సొంత కారుకు మిగిలిన దీపం సొంత చేత్తోనే పగలగొట్టుకున్నాడు. ఒక్క క్షణం అలాగే బిగుసుకుపోయాడు. తర్వాత స్టీరింగు మీద తల వాల్చి నవ్వడం మొదలుపెట్టాడు. అయ్యగారు కూడా బైబిలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదలడం మాత్రం దాచలేకపోయారు.

"గేరు ముందుకేస్తే బండి వెనక్కి వస్తాదంటే, క్రౌన్ తలకిందులైనట్టే" అన్నాడు జయరాజు కళ్లు తుడుచుకుని. "నేను చూసినప్పుడు కరెక్టుగా ఉండె కదన్నా? ఎవరన్నా ముట్టినారా?"

వీధి మొత్తం నా వైపు తిరిగింది.

"నేనే తిప్పినా."

"యాలన్నా?"

"నువ్వు బాగుందన్నావు కదా, అందుకు."

జయరాజు నన్ను చాలాసేపు చూశాడు. అర్థమవుతున్న కొద్దీ వాడి ముఖంలో నవ్వు తగ్గి, ఏదో మెత్తనిది వచ్చింది. తిట్టినా భరించేవాణ్ని, దాన్ని భరించలేకపోయాను.

"మరి, బాగలేదని అనుంటే?"

"అట్లనే ఉంచుంటి."

"ఇంత తెలివి పెట్టుకోని సైన్సు చెప్తాండావా అన్నా, పిల్లోల్లకు!" అని నా భుజం మీద చేయి వేశాడు. అత్తగారు మాత్రం అయ్యగారి వైపు తిరిగి, "మీరు ఇంకోసారి ప్రార్థన చేయండి సామీ, ఈసారి బండికి వద్దు" అంది.

కారు రిపేరుకు పోయింది. నా ట్రక్కుకు గీత కూడా పడలేదు. గనుల దగ్గరికి పోవడానికి జయరాజుకు బండి లేదు కదా, కమల నన్ను అడగనైనా అడగకుండా తాళం చెవి వాడి చేతిలో పెట్టింది. "తీస్కపోప్పా. ఆయనకు స్కూటరుండాది" అంది.

క్రౌన్ సరిచేయించుకుని జయరాజు నా ట్రక్కులో దర్జాగా తిరగడం మొదలుపెట్టాడు. తిరిగిన ప్రతిచోటా జనం మూగేవారు. సంఘంలో పిల్లలు ఎక్కుతామని గోల. నా జన్మలో అంతగా ఎప్పుడూ కుళ్లుకోలేదు. ఇంతకు ముందు వాడి బండి చూసి ఏడ్చేవాణ్ని. ఇప్పుడు నా బండినే చూసి ఏడుస్తున్నాను!

ఒకరోజు జాలిపడి నన్నూ వెంట తీసుకుపోయాడు. సండూరు దారిలో ఒక హోటల్ దగ్గర టీకి ఆగాం. హోటలాయన బొరుగుల ఉగ్గాని పొట్లం కట్టడం ఆపి మరీ బయటికొచ్చి, ట్రక్కు చుట్టూ తిరిగి, జయరాజు చేయి పట్టుకున్నాడు.

"ఏం గాడి అప్పా ఇది! ఎంత చందాగి పెట్టుకోనుండావు! నీ చేతులకు దండం పెట్టాల!"

"నాది కాదప్పా. అదో, మా అన్నది. పాత ఇనుము దొడ్లో పడున్నదాన్ని తెచ్చి ప్రతి బోల్టూ ఆయనే బిగించినాడు" అని జయరాజు నన్ను చూపించాడు.

హోటలాయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. పకపకా నవ్వాడు. "భలే జోకులేస్తావప్పా!" అని జయరాజు వీపు తట్టి, నా వైపు తిరిగి, "ఏయ్, ఓనరు టీ తాగేలోపల అద్దం తుడువు పో" అన్నాడు.

తుడిచాను. ఏం చేయను, అద్దం నాదే కదా!

అందువల్ల, చదువుతున్న మీ అందరి సాక్షిగా, చేతిలో స్పానరు లేకుండా, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. తోడల్లుణ్ని చూసి కుళ్లుకోనని మాత్రం అనను. దేవుడి ముందు అబద్ధమాడే వయసు దాటిపోయింది. ఇకమీదట నా ఒంట్లో ఎంత కుళ్లు పుట్టినా, అది ఒంట్లోనే ఉంటుంది. దాన్ని తీసుకుపోయి ఏ బండికీ బిగించను.