మంద వెనక నడిచిన గౌరీబాయి

గౌరీబాయికి మెట్రిక్‌లో ఇంగ్లీషు ఒక్కటే మిగిలింది. రెండుసార్లు రాసింది, రెండుసార్లూ తప్పింది. మూడోసారి రాయడానికి 1968లో సూర్యాపేట వచ్చి, అన్నపూర్ణ టీచరుగారి ఇంట్లో ఉండి చదువుకుంటున్న రోజుల్లో ఆమె మోస్తున్న బరువు ఆమె ఒక్కదానిదే కాదు. మోతె దగ్గరున్న వాళ్ళ తండాలో బడి లేదు. తండావాళ్ళలో ఎవరైనా మెట్రిక్ గట్టెక్కితే, వాళ్ళకే ఉద్యోగం ఇచ్చి బడి తెరుస్తామని పంచాయతీ సమితివాళ్ళు మాట ఇచ్చారు. మెట్రిక్ దాకా వచ్చింది గౌరీబాయి ఒక్కతే. ఈసారీ తప్పితే చదువు చాలించి ఇంటికి రమ్మని తండ్రి మంగ్త్యా ముందే చెప్పాడు. అందులో కోపం లేదు. పిల్లను పరాయి ఇంట్లో ఇంకెన్నాళ్ళు ఉంచడమన్న సంకోచమే ఉంది.

ఆ కుటుంబానికి పశువులే జీవనాధారం. వేసవి రాగానే మందను తోలుకొని మిర్యాలగూడ, హాలియా మీదుగా పెద్దవూర గుట్టల దాకా వెళ్ళి, తొలకరికి తిరిగి వచ్చేవారు. సాగర్ కాలువ నీళ్ళు పారి, దారిలోని బీళ్ళన్నీ వరిమళ్ళయ్యాక ఆ ప్రయాణం ఆగిపోయింది. దాని కట్టుబాటు మాత్రం ఇంట్లో మిగిలింది. మందకు ముందు తండ్రి నడుస్తాడు, వెనక పెద్దబిడ్డ నడుస్తుంది. వెనకబడిన పశువును దాటి ఆ బిడ్డ ముందుకు రాకూడదు. అది నిలబడితే తానూ నిలబడాలి, పడుకుంటే పక్కన కూర్చోవాలి. వెనక మనిషి మజిలీకి చేరేదాకా ముందు చేరినవాళ్ళెవరూ అన్నం ముట్టరు. గౌరీబాయి చిన్ననాటి వేసవులన్నీ ఆ పనిలోనే గడిచాయి. మిగతా నెలల్లో మోతె బడికి నడిచి వెళ్ళి చదువుకుంది.

అన్నపూర్ణగారి సొంతూరు కోదాడ, ఉద్యోగం సూర్యాపేటలో. ఆమె ఇంట్లో గౌరీబాయితో పాటు హాలియా నుంచి వచ్చిన జమునా అనే అమ్మాయి కూడా ఉండేది. ఎదురింటి ధాన్యం వ్యాపారి కూతురు భాగ్యవతి సాయంత్రాలు చదువుకు వచ్చేది. పరీక్ష ముగ్గురికీ ఉంది. ఒకనాడు టీచరుగారు పలక మీద వరుసగా మాటలు రాసి అర్థాలు రాయమన్నారు: లాగ్, లింగర్, లాయిటర్, డాడిల్, స్ట్రాగిల్. గౌరీబాయి అన్నిటికీ ‘ఆలస్యం చేయుట’ అని రాసింది.

“ఇదేంటే అమ్మాయీ, అన్నిటికీ ఒకటే అర్థం రాశావు?”

“అన్నీ ఎనకబడుడే గద టీచరమ్మా.”

“వెనకబడటమే. ఎందుకు వెనకబడ్డారో చూడొద్దూ? కాలు నొప్పెట్టి వెనకబడ్డవాడూ, కబుర్లాడుతూ వెనకబడ్డవాడూ ఒకటేనా?”

భాగ్యవతి అందుకుంది. “మా గౌరి ఇంగ్లీషుల ఎనకబడ్డది గద టీచర్. దానికి గిండ్ల ఏ మాట వాడాలె?”

జమునా నవ్వింది. గౌరీబాయి నవ్వలేదు. పలక వైపు చూసి అడిగింది. “మాకొక కుంటెద్దు ఉండె టీచరమ్మా. దానికి నడవాలనే ఉంటది, కాని మందను అందుకోలేకపోయేది. గది ఏ మాట?”

“లాగ్.”

“నీళ్ళల్ల దిగినంక బయటికి రాబుద్ధిగాక గాడనే నిలబడేది ఇంకో ఆవు.”

“లింగర్.”

“పనీపాట లేక ఎవల చేను గట్టుకాడనో తచ్చాడే కోడె?”

“లాయిటర్. అలా తచ్చాడితే పోలీసులకి కోపం వస్తుంది.”

“చేను కావలోనికి గుడ కోపమే వస్తది.”

టీచరుగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. దారిలో ప్రతి పొదనూ వాసన చూస్తూ పొద్దు పుచ్చే దూడ డాడిల్ అయింది. గుంపు నుంచి తలో దిక్కుకు చెదిరి, ఒక్కటొక్కటిగా వచ్చి చేరే మేకలు స్ట్రాగిల్ అయ్యాయి.

“నాకు గుడ ఒక ఆవునియ్యవే. టారీ అన్న మాట యాదికుంటలేదు,” అంది భాగ్యవతి.

“దానికి మా బాపున్నడు. బయలెల్లుదమంటె, చుట్ట అయిపోయేదాంక కూసున్నకాడికెళ్ళి లేవడు.”

ఆ సాయంత్రం తరువాత గౌరీబాయికి ఇంగ్లీషంటే భయం తగ్గిందని టీచరుగారు చెప్తారు. భయం తగ్గలేదనీ, మాటలు గుర్తుండటం మాత్రం మొదలైందనీ గౌరీబాయి అంటుంది.

ఇంగ్లీషు పరీక్ష ఉదయం టీచరుగారికి వాళ్ళు రాసే కేంద్రంలోనే పర్యవేక్షణ ఉండటంతో ముందే వెళ్ళిపోయారు. ముగ్గురమ్మాయిలూ కలిసి బయలుదేరారు. పరీక్ష కేంద్రం ఊరి అవతలి కొసన ఉంది. గంట కొట్టాక అరగంట దాటితే లోపలికి రానివ్వరు. జమునాకు ముందురోజు నుంచి జ్వరం. బజారు దాటేసరికి ఆమె నడక మందగించింది. భాగ్యవతి వెనక్కి తిరిగి కేకేసింది.

“ఓ గౌరీ, గంట గొడ్తరే! అది మెల్లగ వస్తది, నువ్వు రా!”

“నువ్వు నడువు. మేమొస్తం.”

భాగ్యవతి ముందుకు వెళ్ళిపోయింది. లారీల మరమ్మతు షెడ్డు దగ్గర జమునా గోడకు ఆనుకొని కూలబడింది.

“అక్కా, నువ్వన్న పో. నీకిది మూడోసారి.”

“జర ఊపిరి తీసుకొని లే. నేను నీ ఎనకనే ఉంట.”

దూరంగా గంట వినిపించింది. గౌరీబాయికి తండ్రి మాటా, తెరవని బడీ గుర్తొచ్చాయి. అయినా జమునాను దాటి ఒక్క అడుగు వేయలేకపోయింది. జమునా లేచింది, కొంత నడిచింది, మళ్ళీ నిలబడింది. గౌరీబాయి వెనకే నిలబడింది.

అప్పుడు ఎదురుగా ఒక రిక్షా వేగంగా వచ్చి ఆగింది. దాన్ని తొక్కుతున్న లింగస్వామి చెమట తుడుచుకుంటూ అడిగాడు. “జ్వరమొచ్చిన పిల్ల నువ్వేనా? గా ముంగట షావుకారు బిడ్డె నన్ను తోలింది. ఎక్కుండ్రి, ఎక్కుండ్రి!”

గౌరీబాయి జమునాను ఎక్కించింది. రిక్షా కదలగానే దాని వెనక నడవడం మొదలుపెట్టింది. లింగస్వామి తిరిగి చూసి బ్రేకు నొక్కాడు.

“ఇదేందమ్మా, ఊరేగింపా? నువ్వు గుడ ఎక్కు!”

అప్పుడు గాని ఆమె ఎక్కలేదు.

గేటు దగ్గర సూపరింటెండెంటు చేతి గడియారం చూసుకొని పక్కకు జరిగాడు. అరగంట ఇంకా నిండలేదు. లోపల అదనపు కాగితాలు ఇస్తున్న అన్నపూర్ణగారు వాళ్ళను చూసి కళ్ళు మూసుకొని తెరిచారు. ‘నువ్వు చేసిన ఒక ప్రయాణం గురించి వ్యాసం రాయుము’ అన్న ప్రశ్నను గౌరీబాయి చివరికి అట్టిపెట్టుకుంది. కుంటెద్దు, నీళ్ళలోని ఆవు, గట్టు దగ్గరి కోడె, దూడ, మేకలు ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. వ్యాసంలో మంద ఇంకా హాలియా దాటకముందే చివరి గంట కొట్టారు.

బయటికి రాగానే టీచరుగారు విరుచుకుపడ్డారు. “ముందుకెళ్ళి నువ్వే ఒక రిక్షా పంపించొచ్చు కదే, పిచ్చిమొహమా!”

ఆ ఆలోచనే గౌరీబాయికి రాలేదు.

“ముంగట ఒకరు పోవాలె కద టీచర్, అందుకే నేను పోయిన,” అంది భాగ్యవతి.

ఫలితాలు వచ్చిన రోజు పొద్దున బస్టాండులో పేపరు కొని, టీచరుగారు అక్కడే బెంచీ మీద కూర్చొని వెతికారు. ముగ్గురి నంబర్లూ ఉన్నాయి. గౌరీబాయి నంబరు మీద వేలు పెట్టి, ఆ వేలు తీయకుండానే ఆమెను పిలిచి చూడమన్నారు. గౌరీబాయి చూసింది, మళ్ళీ చూసింది, తరువాత టీచరుగారి భుజం మీద తల ఆనించింది. సంతలో పనికని సూర్యాపేట వచ్చిన తండా మనిషి సక్రు ఆ మాట వినగానే మొదటి బస్సుకు వెనుదిరిగాడు. భాగ్యవతి వాళ్ళింట్లో మిఠాయి తినకుండా కదలనివ్వకపోవడంతో గౌరీబాయి తరువాతి బస్సుకు బయలుదేరింది.

ఆమె తండా చేరేసరికి పొద్దు వాలింది. గుడిసె ముందు మంచం మీద మంగ్త్యా కూర్చొని ఉన్నాడు. జొన్నరొట్టెల గంపకు కప్పిన గుడ్డ తీయలేదు.

“పాసయినవంట.”

“అయిన బాపూ. సక్రు చెప్పిండా?”

“ఎప్పుడో చెప్పిండు.”

“మరి గింతసేపు తినలేదా?”

తల్లి జమ్లీ లోపలి నుంచి అరిచింది. “తింటడా? మమ్ముల్ని గుడ తిననిస్తలేడు! కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయ్!”

“ఎనక మనిషి రాకముందు ఎట్ల తింటమే?” అన్నాడు మంగ్త్యా, గంప మీది గుడ్డ తీస్తూ.

గౌరీబాయి కాళ్ళు కడుక్కొని వచ్చి అతని పక్కన కూర్చుంది. బడి ఎక్కడ పెట్టాలన్న వాదన రెండో రొట్టె దగ్గర మొదలైంది.