క్లీన్ రూల్లో ఒక ఫైలు పేరు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, నారాయణగూడలోని మా సంస్థ నన్ను విడుదల విభాగానికి సీనియర్ ఇంజనీరుగా వేసింది. నా సంతకం లేనిదే ఏ సాఫ్ట్‌వేరూ బయటికి వెళ్లకూడదు. మొదటగా నా బల్ల మీదికి వచ్చింది వర్షపాతం లెక్కగట్టే ప్రోగ్రాము. మర్నాడు అది సీడీలపై ఇంటర్నెట్ లేని వ్యవసాయ కేంద్రాలకు వెళ్లాలి. అక్కడి రకరకాల యంత్రాలపై వారే సోర్సు నుంచి, అంటే మేం రాసిన మూల కోడ్ నుంచి, ప్రోగ్రామును బిల్డ్ చేసుకుంటారు, అంటే తయారు చేసుకుంటారు. తప్పు వెళితే ఆ వానాకాలమంతా వారికి ప్రోగ్రాము ఉండదు.

ఏ ఫైలు దేని నుంచి పుట్టాలో చెప్పేది మేక్‌ఫైల్. పుట్టినవాటిని తుడిచి మళ్లీ మొదలుపెట్టడానికి అందులో ‘క్లీన్’ అనే రూల్ ఉంటుంది. దాన్ని రాసినవాడు మా జట్టులోని ఇంజనీరు మధు.

“నా మెషిన్ల పదిసార్లు క్లీన్ కొట్టిన సార్, మంచిగనే బిల్డ్ అయితుంది. జర సంతకం పెట్టున్రి,” అన్నాడు.

“పదిసార్లూ నీ మెషిన్ మీదేగా?” అన్నాను.

మా ఆఫీసు యంత్రాలన్నింటిలోనూ అన్ని సాఫ్ట్‌వేరు పనిముట్లూ ఉన్నాయి. అక్కడ ఏ పరీక్షా రుజువు కాదు. అశోక్ నగర్‌లో కోచింగ్ సెంటర్ నడిపే ఒకావిడ, సి భాష పాఠాల కోసం, కోడ్‌ను ప్రోగ్రాముగా మార్చే కంపైలర్ మాత్రమే పెట్టిన యంత్రం ఒకటి తన సెంటర్లోనే పరీక్షకు ఇచ్చింది; కేంద్రాల యంత్రాలూ దాదాపు అలాంటివే.

“నాలుగింటికి క్లాసుంది సార్, ఖరాబు చెయ్యకున్రి,” అన్నది.

“మిషన్‌కేం కాదక్కా, సార్ నా ఇజ్జత్ తీయనీకి తోల్కొచ్చిండు,” అన్నాడు మధు.

మొదట క్లీన్ లేకుండా బిల్డ్ చేయించాను: పూర్తయింది. తర్వాత క్లీన్ చేసి మళ్లీ చేయించాను: ఆగిపోయింది. పొరపాటేమోనని తాజా కాపీతో మొత్తం తిరిగి జరిపాను. ఫలితం మారలేదు.

కారణం వెతికితే దొరికింది. కేంద్రాలవారు ఇచ్చే ఆదేశాలను చదివే సి ఫైలును మేము ఆఫీసులోనే ఒక ప్రత్యేక పనిముట్టుతో పుట్టించి సీడీలో పెడతాం. క్లీన్ దాన్ని కూడా తుడిచేస్తోంది. మధు మెషిన్లో ఆ పనిముట్టు ఉంది కనుక ఫైలు చప్పుడు లేకుండా మళ్లీ పుట్టేది. ఇక్కడ పుట్టలేదు.

“కేంద్రాలల్ల గిట్లనే ఆగిపోతుండె గద సార్,” అని మధు కుర్చీ లాక్కున్నాడు. ఆ ఫైలు పేరును క్లీన్ నుంచి తీసి, మేము మాత్రమే వాడుకునే మరో రూల్లో పెట్టాడు. మూడున్నరకు అదే యంత్రంపై, క్లీన్ తర్వాత కూడా, బిల్డ్ పూర్తయింది. సంతకం పెట్టాను.

బిల్డ్ ఆగిందన్న ఫిర్యాదు ఏ కేంద్రం నుంచీ రాలేదు. ఫిర్యాదు రాకపోవడం రుజువు కాదని తెలిసినా, ఆ సంతకం గురించి గర్వపడతాను. నేర్చుకున్నది ఇది: పుట్టించిన ఫైలైనంత మాత్రాన అది తుడవదగినది కాదు, తుడిచేవారి దగ్గర దాన్ని తిరిగి పుట్టించే సాధనం ఉండాలి. ఉందో లేదో రాసినవాడి యంత్రం చెప్పజాలదు.