ఆ తట్టు

మా నాయనకు కోపం వచ్చేది వారానికి ఒక్కసారే, అదీ కాలేజీ మైదానంలో. మిగతా రోజుల్లో తమిళనాడు ధర్మపురి బజారులో మా చింతపండు మండీలో కూర్చుని, ఎంత మొండి బేరగాడు వచ్చినా నవ్వుతూనే మాట్లాడేవాడు. శనివారం కాలేజీ జట్టు ఫుట్‌బాల్ ఆట ఉందంటే మాత్రం నాలుగింటికే తలుపులు మూసి, ఒక పొట్లం వేయించిన చెనక్కాయలు కట్టించుకుని, నన్ను వెంటబెట్టుకుని బయలుదేరేవాడు. పొట్లం సగం కాకముందే ఆయన ముఖం ఎర్రబడేది.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. నేను అదే కాలేజీలో మొదటి ఏడాది చదువుతున్నాను. మా అన్నది చివరి ఏడాది. జట్టులో ఎడమవైపు అంచున ఆడేవాడు. ఆడేవాడు అని మర్యాద కోసం అంటున్నాను గానీ, నిజానికి అక్కడ నిలబడేవాడు. మూడేళ్లలో బంతి అతని దాకా వచ్చింది చాలా తక్కువ.

దానికి కారణం పీటీ మాస్టారు. మెడలో తువ్వాలుతో, చేతిలో విజిల్‌తో గీత వెంబడి తిరుగుతూ ఆయన దాడికి ఒకే ఒక్క ఆజ్ఞ ఇచ్చేవారు. "తూక్కి అడి." ఎత్తి కొట్టు అని. బంతి ఎవరి కాలికి దొరికినా, గోలు ఎంత దూరంలో ఉన్నా అదే మాట. మైదానం మధ్యలో కొబ్బరిచెట్టంత కుర్రాడు ఒకడుండేవాడు. బంతిని ఎత్తి కొడితే వాడు తలతో గోలులోకి పంపాలి. పథకం మంచిదే. బంతి దగ్గరికి రాగానే ఆ కుర్రాడికి కళ్లు మూసుకునే అలవాటు లేకపోతే ఇంకా మంచిది. ఎప్పుడో ఒకసారి అలాగే ఒక గోలు పడిందట. ఆ ఒక్క గోలే మా కొంప ముంచింది, మాస్టారు దాన్ని మరిచిపోలేకపోయారు.

ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తాతముత్తాతల నుంచీ మా ఇంటి పద్ధతి అది. అందుకే నాయన మైదానంలో అరిచినా అరవంలోనే అరిచేవాడు. మాస్టారి పథకాన్ని తిట్టేవాడు, పొడుగు కుర్రాడి కళ్లను తిట్టేవాడు. ఒక్క మాట మాత్రం నోట్లోంచి రానిచ్చేవాడు కాదు, బంతిని ఎడమవైపు ఇవ్వండి అని. అక్కడున్నది సొంత కొడుకు. నలుగురిలో తన కొడుక్కి ఇమ్మని అడగడమంటే, పెళ్లి పంక్తిలో తన పిల్లలకే రెండో లడ్డు వేయమన్నట్టు ఉంటుందని ఆయన సిగ్గు. మింగిన ఆ మాటనంతా ఇంటికి తెచ్చి అమ్మ ముందు కక్కేవాడు.

"ఆకాశంలో కట్టినారా గోలు? ఎడమ తట్టు ఒకడు నిలబడుకోని ఉండాడే, ఆ మాస్టరుకు కండ్లు లేవా?"

మా ఇళ్లలో పక్క అనం, తట్టు అంటాం. పెన్నాగరం తట్టు, మొరప్పూర్ తట్టు, కుడి తట్టు, ఎడమ తట్టు.

"పాడిందే పాడరా పాచిపండ్ల దాసరీ అని ఆయన పాడతా ఉండాడు, మీరు ఇంటికొచ్చి తాళం ఏస్తా ఉండారు," అనేది అమ్మ చారు పోస్తూ. "మూడేండ్లుగా ఇదే కచేరి."

అన్న తలవంచుకుని తినేవాడు. ఒకరోజు మాత్రం బావి దగ్గర బూట్లు కడుగుతూ నాతో అన్నాడు. "బాల్ రాకపోయినా పరవాలేదు పాపా. అందరి ముందర నాయన ఒక తూరి నా తట్టు చూపించి, వానికి ఈండి అంటే చాలు నాకు." వెళ్లి నాయనకు చెబుదామనుకున్నాను గానీ, అన్నకు కోపం వస్తుందని ఊరుకున్నాను.

ఆ ఏడాది చివరి ఆట సేలం వైపు నుంచి వచ్చిన కాలేజీతో. తర్వాత పరీక్షలు, అవి అయితే అన్న మండీలో కూర్చోవాలి. అంటే అతనికి బంతి అందాలన్నా, ఒక్క గోలు పడాలన్నా ఆ సాయంత్రమే. నాయన ఆరోజు మూడున్నరకే తలుపులు మూసేశాడు.

ఆట చివరికొచ్చినా ఎవరికీ గోలు లేదు. మా వాళ్లు ఎత్తి కొడుతూనే ఉన్నారు. ఎదుటి గోల్‌కీపర్ తెలివైనవాడు, అరగంటలో సంగతి పసిగట్టేశాడు. మాస్టారి గొంతు వినబడగానే రెండడుగులు ముందుకొచ్చి, చేతులెత్తి, వచ్చిన బంతిని మామిడికాయ కోసుకున్నట్టు కోసుకుపోతున్నాడు. నాకు ఆ కీపర్ మీద కాదు, మాస్టారి మీద ఒళ్లు మండిపోయింది.

ఇంకో రెండు నిమిషాలుందనగా బంతి కుడివైపు ఆడే పెన్నాగరం కుర్రాడికి దొరికింది. మంచివాడు, చెప్పింది చేస్తాడు, తెలుగు ఒక్క ముక్క రాదు. గోలు వాడికి పది అడుగుల్లో ఉంది. అవతల ఎడమవైపు మా అన్న, దరిదాపుల్లో అడ్డం వచ్చే మనిషి లేకుండా, చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. మాస్టారు "తూక్కి అడి" అన్నారు. కీపర్ ముందుకొచ్చాడు.

మా నాయన లేచి నిలబడ్డాడు. ఒళ్లోని చెనక్కాయలు ఎర్రమట్టిలో పడ్డాయి. సిగ్గూ పద్ధతీ అరవం అన్నీ ఒక్కసారే మరిచిపోయి, మైదానమంతా వినబడేలా ఇంటి తెలుగులో అరిచాడు.

"ఆ తట్టు! నా కొడుకు తట్టు!"

ఆ పక్కకు వేయమని ఆయన మాట. అయితే అరవంలో తట్టు అంటే మెల్లగా ఒకటి తట్టమనే, తలుపు తట్టినట్టు. పెన్నాగరం కుర్రాడు మాస్టారిని చూశాడు, నాయనను చూశాడు. మూడేళ్లలో వాడికి రెండో ఆజ్ఞ వినిపించడం అదే మొదలు. పెద్దాయన లేచి మరీ చెబుతున్నాడు కదా అనుకున్నాడేమో, బూటు కొసతో బంతిని అలా తట్టాడు.

ఎత్తి కొడతాడనుకుని పైకి ఎగిరిన కీపర్ కాళ్ల కింద నుంచి బంతి దొర్లుకుంటూ పోయింది. మహా నెమ్మదిగా పోయింది. అవతలి నుంచి అన్న పరిగెత్తుకొచ్చాడు. ఒక్క తన్ను తంతే గోలు అతనిదే. గీతకు జానెడు దూరంలో బంతి దగ్గరికి చేరాడు కూడా. చేరి, తన్నకుండా, రెండు మోకాళ్లూ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. బంతి తనంతట తానే గీత దాటింది.

ఆ తర్వాత జరిగిన గోలలో నేను ఎవరెవరిని కౌగిలించుకున్నానో నాకే తెలియదు. పెన్నాగరం కుర్రాడు తిన్నగా నాయన దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "నీంగ సొన్నీంగ అయ్యా, తట్టినేన్." మీరు చెప్పారు, తట్టాను అని. మాస్టారు కూడా వచ్చి, ఇంత మంచి ఉపాయం మూడేళ్లుగా ఎక్కడ దాచారని అరవంలో అడిగారు. నాయన పొట్లంలో మిగిలిన నాలుగు చెనక్కాయలు ఆయన చేతిలో పెట్టాడు.

ఇంటికి నడుస్తుంటే నాయన ఇక ఆపుకోలేకపోయాడు. "ఏంటికిరా తన్నలేదు? కాలి ముందరే ఉండె కదా."

"ఎట్ల తన్నేది నాయనా? నువ్వు ఆ తట్టు అంటివి, వాడు తట్టినాడు. జట్టులో ఆ మాట అర్థమైనోడు నేనొకణ్ణే. నవ్వుతో కాలు లేవలేదు."

కొంత దూరం పోయాక అన్నే మళ్లీ అన్నాడు. "గోలుదేముంది. నా కొడుకు తట్టు అని అందరి ముందర అరిస్తివి కదా."

నాయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. చెమట అన్నాడు.

గడపలో అమ్మ ఎదురుచూస్తోంది. మా ముఖాలు చూసి, "గెలిచినారా? గోలు ఎవరు ఏసినారు?" అని అడిగింది.

అన్న వంగి బూట్లు విప్పుకుంటూ, "నాయన," అన్నాడు.

అమ్మ నాయన వంక చూసింది. ఆయన కాదనలేదు.