వానలో సెమిసి ఫోటో

సువా మార్కెట్లో మకెరెతా కెమెరా ఎత్తితే ఎవరూ మొహం తిప్పుకోరు. వారమంతా పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుంటుంది. శనివారం తెల్లారేసరికి, దంచి నీళ్ళలో కలుపుకు తాగే కావా వేర్లు అమ్మే మా దుకాణాల మధ్య తిరుగుతూ ఉంటుంది. ఫోటో తీసిన వెంటనే దగ్గరికొచ్చి చూపిస్తుంది. "ఉంచనా, తీసెయ్యనా?" ఉంచమన్నవాళ్ళకి మరుసటి శనివారం అచ్చు వేయించి తెచ్చిస్తుంది. నన్ను మొదటిసారి తీసినప్పుడు, "నా గడ్డం కింద ఇంకో గడ్డమేమిటే? తీసెయ్!" అన్నాను. నవ్వుతూ నా ముందే తీసేసింది.

ఒక్కసారి మాత్రం అడగడానికి వీలుపడలేదు. కుండపోత వానలో, బండి తోసే సెమిసి తాను కప్పుకున్న ప్లాస్టిక్ పట్టా తీసి చేమదుంపల మూటల మీద పరిచాడు. కళ్ళు మూసుకుని, మొహం ఆకాశానికెత్తి అలాగే నిలబడ్డాడు. మకెరెతా తీసింది. ఆమె దగ్గరికి వెళ్ళేలోపు అతను బస్‌స్టాండు జనంలో కలిసిపోయాడు.

ఊళ్ళో ఫోటోల ప్రదర్శన పెడుతున్న హెన్రీ, మకెరెతావి కొన్ని ఎంచుకుందామని ఆమె ఇంటికొచ్చాడు. నేనూ ఉన్నానప్పుడు. అన్నీ తిరగేస్తూ దాని దగ్గర ఆగిపోయాడు. "దీన్ని గుమ్మంలో నిలువెత్తున పెడదాం" అన్నాడు. పదహారేళ్ళుగా ఫోటోలు తీస్తున్న ఆమెకొచ్చిన మొదటి పిలుపు అది.

"అతన్నింకా అడగలేదండి. అడిగి చెబుతాను" అంది.

మూడు శనివారాలు వెతికితే సెమిసి దొరికాడు. ఫోటోను చాలాసేపు చూశాడు.

"నేనేనా ఇది?"

"నువ్వే అన్నా."

"బాగా తీశావు చెల్లీ." ఆమె మొహం వెలిగింది. "కానీ వద్దు. ఎవరికీ చూపించకు."

"అలాగే" అంది.

అతను వెళ్ళాక ఉండబట్టలేకపోయాను. "ఎందుకొద్దో అడగవేమే?"

"చెప్పాలనుంటే చెప్పేవాడుగా అత్తా."

హెన్రీకి కోపం వచ్చింది. "నడివీధిలో తీసింది, చట్టం అడ్డురాదు. ఇంతకీ ఏం కారణం చెప్పాడు?"

"నేనడగలేదండి. చట్టం సంగతి నాకూ తెలుసు. శనివారం పొద్దున్నే అతనికి ఎదురుపడాల్సింది నేను కదా."

హెన్రీ ప్రదర్శన జాబితాలోంచి ఆమె పేరే కొట్టేశాడు. ప్రదర్శన మొదలైన రోజు ఇద్దరం వెళ్ళాం. ప్రతి ఫోటో ముందూ తీరిగ్గా నిలబడి చూసింది. తిరిగొస్తూ బస్సులో మాత్రం కళ్ళు తుడుచుకుంది. "అలాంటి ఫోటో మళ్ళీ పడదు అత్తా." కాదని అబద్ధం చెప్పలేకపోయాను.

కొన్ని నెలలకు సెమిసి తనంతట తానే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తలకు నూనె. "చెల్లీ, కడావు దీవిలో మా మేనకోడలి పెళ్ళి. అందరూ వెళ్తున్నారు, నేనే వెళ్ళలేకపోతున్నా. ఫోటో అయినా పంపుదామని..."

బండి పక్కన కొయ్యలా బిగుసుకుపోయాడు. ఆమె ఒకటి తీసింది.

"ఊపిరి తీసుకోరా, పోతావు!" అని అరిచాను. పగలబడి నవ్వాడు. అదీ తీసింది. రెండూ చూపించింది.

"నవ్వింది వద్దు చెల్లీ, పళ్ళన్నీ కనబడుతున్నాయి. ఇదిగో, ఈ మర్యాదగా ఉన్నది ఉంచు."

రెంటిలో ఏది మంచిదో గుడ్డివాడైనా చెబుతాడు. మకెరెతా ఒక్కక్షణం నావైపు చూసి, నవ్వుతున్న సెమిసిని తీసేసింది.